సురక్షిత వెబ్ సంభాషణకు పీహెచ్‌పీ ఏర్పాటు: ధ్రువపత్రాల తనిఖీయే ప్రధానం

ఒక వెబ్‌సైటును మనిషి తెరిచినప్పుడు దాని ధ్రువపత్రంలో లోపం ఉంటే బ్రౌజర్ తెర మొత్తాన్ని ఆక్రమించే హెచ్చరిక చూపుతుంది. దానిని చదివి వెనుదిరగడమో, తెగించి ముందుకు పోవడమో ఆ మనిషి ఇష్టం. అదే పని సర్వర్‌లో నడిచే ఒక స్క్రిప్టు చేస్తున్నప్పుడు హెచ్చరికను చదివే కన్ను అక్కడ ఉండదు. ఒక దుకాణం వెబ్‌సైటు చెల్లింపుల సంస్థను సొమ్ము జమ అయిందా అని అడుగుతుంది. ఒక కళాశాల పోర్టల్ విద్యార్థుల ఫోన్ నంబర్ల జాబితాను సంక్షిప్త సందేశాల సేవకు అందజేస్తుంది. ఒక వార్తా సైటు తన సాఫ్ట్‌వేర్‌కు కొత్త నవీకరణ వచ్చిందేమో విచారిస్తుంది. ఇవన్నీ మానవ ప్రమేయం లేకుండా రెండు యంత్రాల మధ్య సాగే సంభాషణలు. వీటి భద్రత, స్క్రిప్టు రాసినవారు, సర్వర్‌ను అమర్చినవారు ముందుగా తీసుకున్న నిర్ణయాలపైనే ఆధారపడి ఉంటుంది.

ఇటువంటి స్క్రిప్టులలో అధిక భాగం పీహెచ్‌పీ భాషలో ఉన్నాయి. రాస్మస్ లెర్‌డార్ఫ్ 1995లో బహిరంగంగా విడుదల చేసిన ఈ భాషలోనే వర్డ్‌ప్రెస్, మూడుల్ తయారయ్యాయి. వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా ఇందులోనే రాసినది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా నేటికీ దానిపైనే నడుస్తోంది. అందువల్ల ఈ వ్యాసం పీహెచ్‌పీని ఆధారంగా తీసుకుంటున్నది. అయితే ఇందులోని సూత్రాలు పైథాన్, పెర్ల్, రూబీ వంటి ఇతర స్క్రిప్టు భాషలకూ వర్తిస్తాయి.

రెండు వేర్వేరు హామీలు

వెబ్ చిరునామా ముందు కనిపించే హెచ్‌టీటీపీఎస్ అనే అక్షరాలు రెండు హామీలను సూచిస్తాయి. మొదటిది గోప్యత: పంపిన సమాచారం దారిలో ఎవరికీ అర్థం కాని గూఢలిపిగా మారిపోతుంది, మార్చడానికీ వీలుపడదు. రెండవది గుర్తింపు: అవతలి కొసన ఉన్నది మనం అనుకున్న సర్వరే. సామాన్యంగా జనం మొదటిదానినే భద్రత అనుకుంటారు. కానీ రెండవది లేనిదే మొదటిదానికి విలువ లేదు. లక్కముద్ర వేసిన కవరును అపరిచితుని చేతిలో పెడితే, ముద్ర చెక్కుచెదరకపోయినా ఉత్తరం పరాయివాడిదే అవుతుంది. తాళం వేసి గొళ్లెం మరచిన చందమన్నమాట.

గుర్తింపును నిర్ధారించేది ధ్రువపత్రం. అందులో సైటు పేరు, దాని బహిరంగ తాళపుచెవి, చెల్లుబాటు తేదీలు, వీటిని పరిశీలించి జారీచేసిన ధ్రువీకరణ సంస్థ సంతకం ఉంటాయి. ఆ సంస్థకు దానిపై సంస్థ, దానికి మరొక సంస్థ సంతకం చేస్తాయి. ఈ గొలుసు చివరకు మూల ధ్రువపత్రం వద్ద ఆగుతుంది. మూల ధ్రువపత్రాన్ని నమ్మడానికి మరెవరి సంతకమూ ఆధారం కాదు. అది మన యంత్రంలోని విశ్వసనీయుల జాబితాలో ఉన్నదా లేదా అన్నదే ఆధారం. కనుక స్క్రిప్టు మూడు సంగతులు చూడాలి. సంతకాల గొలుసు తన జాబితాలోని ఒక మూలం వరకు చేరుతోందా? తేదీలు చెల్లుతున్నాయా? ధ్రువపత్రంలోని పేరు, తాను పిలిచిన చిరునామాలోని పేరు ఒకటేనా? ఈ మూడింటిలో ఏది తప్పినా సంభాషణ అక్కడే ఆగిపోవాలి.

జాబితాలో ఎవరున్నారు

విశ్వసనీయుల జాబితా ఎంతటి కీలకమైనదో 2014 జులైలో మన దేశానికి సంబంధించిన ఒక ఉదంతం ప్రపంచానికి చూపింది. జాతీయ సమాచార కేంద్రం, అంటే ఎన్‌ఐసీ, ఆధ్వర్యంలోని ధ్రువీకరణ విభాగం పేరుతో గూగుల్‌కు చెందిన పలు చిరునామాలకు అనధికారిక ధ్రువపత్రాలు జారీ అయినట్లు ఆ నెల 2న గూగుల్ గుర్తించింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కింద పనిచేసే ధ్రువీకరణ సంస్థల నియంత్రకుని కార్యాలయం మరునాడే ఎన్‌ఐసీ మధ్యస్థ ధ్రువపత్రాలను రద్దు చేసింది. జారీ ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారని విచారణలో తేలినట్లు గూగుల్‌కు తెలియజేసింది. ఆ తరువాత గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌లో భారత మూల ధ్రువపత్రం పరిధిని ప్రభుత్వ, విద్యా సంస్థల చిరునామాలకు, మరికొన్ని నిర్దిష్ట చిరునామాలకు పరిమితం చేసింది.

ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉంది. భారత మూల ధ్రువపత్రం మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్నందున, విండోస్ జాబితాపై ఆధారపడే కార్యక్రమాలకే ఆ ముప్పు ఏర్పడింది. మొజిల్లా నిర్వహించే జాబితాలో అది లేదు. కాబట్టి ఫైర్‌ఫాక్స్‌కు గాని, మొజిల్లా జాబితాను వాడే స్క్రిప్టులకు గాని ఆ నకిలీ పత్రాలు చెల్లేవి కావు. ఒకే పత్రం ఒక యంత్రంలో నమ్మదగినది, పక్క యంత్రంలో కానిది. సర్వర్‌ను అమర్చేవారు ఏ జాబితాను ఎంచుకుంటున్నారో తెలిసి ఎంచుకోవాలని చెప్పేది ఇందుకే.

ఏర్పాటు క్రమం

సురక్షిత సంభాషణకు పీహెచ్‌పీ ప్రధానంగా రెండు అనుబంధాలను వాడుకుంటుంది. ఒకటి ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్; గూఢలిపి పని, ధ్రువపత్రాల తనిఖీ దీనివి. రెండవది కర్ల్, స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998 నుంచి అభివృద్ధి చేస్తున్న గ్రంథాలయం ఇది. వెబ్ సర్వర్లను పిలిచి సమాధానం తేవడం దీని పని.

ఉబుంటు, డెబియన్ లినక్సులలో ఈ ఏర్పాటు సులువు. పీహెచ్‌పీతో పాటు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ వచ్చేస్తుంది. పీహెచ్‌పీ కర్ల్ అనే ప్యాకేజీని, సీఏ సర్టిఫికెట్స్ అనే ప్యాకేజీని విడిగా స్థాపిస్తే సరిపోతుంది. రెండవ ప్యాకేజీ మొజిల్లా జాబితాను యంత్రంలోకి తెస్తుంది. వ్యవస్థను నవీకరించినప్పుడల్లా ఆ జాబితా కూడా నవీకరణ పొందుతుంది.

విండోస్‌లో శ్రమ కొంత ఎక్కువ. మన విద్యార్థులలో చాలామంది పీహెచ్‌పీని నేర్చుకునేది ఇంటి కంప్యూటర్‌లో, ఎక్జాంప్ వంటి కట్టతో గనుక దీనిని వివరంగా చెప్పుకోవాలి. పీహెచ్‌పీని విడిగా దింపుకుంటే అందులో అమరికల నమూనా దస్త్రాలు రెండు ఉంటాయి: ఒకటి అభివృద్ధి దశకు, మరొకటి వాస్తవ వినియోగానికి. రెండవదానిని నకలు తీసి పీహెచ్‌పీ డాట్ ఐఎన్‌ఐ అని పేరు పెట్టాలి. అందులో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్, కర్ల్ అనుబంధాల పంక్తుల ముందు ఉన్న సెమీకోలన్‌ను తొలగించాలి. అనుబంధాలు ఉన్న ఫోల్డర్‌ను చూపే పంక్తిని కూడా అలాగే తెరవాలి. అపాచీ సర్వర్ కింద నడిపేటప్పుడు కర్ల్ మొరాయిస్తే, పీహెచ్‌పీ ఫోల్డర్ విండోస్ పాత్ జాబితాలో ఉన్నదో లేదో చూడాలి. కర్ల్‌కు అవసరమైన సహాయక దస్త్రాలు ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి.

ఇంతవరకు చేసినా విండోస్‌లోని కర్ల్‌కు ఎవరిని నమ్మాలో తెలియకపోవచ్చు. కర్ల్ ప్రాజెక్టు మొజిల్లా జాబితాను ఒకే దస్త్రంగా మార్చి సీఏసర్ట్ డాట్ పెమ్ అనే పేరుతో తన సైటులో అందుబాటులో ఉంచుతోంది. దానిని దింపుకొని ఒక స్థిరమైన చోట భద్రపరచాలి. ఆపై ఐఎన్‌ఐ దస్త్రంలో రెండు చోట్ల దాని పూర్తి మార్గాన్ని రాయాలి. కర్ల్ డాట్ సీఏఇన్ఫో అనే అమరిక కర్ల్‌కు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ సీఏఫైల్ అనే అమరిక పీహెచ్‌పీ సొంత ప్రమేయాలకు. రెండూ రాయడం మేలు. జాబితా దస్త్రాన్ని అప్పుడప్పుడు కొత్తదానితో మార్చడం కూడా మరువరాదు.

మార్పులు చేశాక వెబ్ సర్వర్‌ను ఆపి తిరిగి ప్రారంభించాలి. లేనిచో పాత అమరికలే కొనసాగుతాయి. మరొక చిక్కు ఏమంటే పీహెచ్‌పీకి తరచు ఒకటికి మించి ఐఎన్‌ఐ దస్త్రాలు ఉంటాయి. ఉబుంటులో ఆదేశ పంక్తికి ఒకటి, అపాచీకి ఒకటి, ఎఫ్‌పీఎంకు ఒకటి వేర్వేరుగా ఉంటాయి. వెబ్‌లో చక్కగా నడిచే స్క్రిప్టు రాత్రిపూట క్రాన్ ద్వారా నడిచినప్పుడు విఫలమవుతున్నదంటే కారణం సాధారణంగా ఇదే. క్రాన్ వాడేది ఆదేశ పంక్తి అమరికలను. పీహెచ్‌పీకి రెండు అడ్డగీతలతో ఐఎన్‌ఐ అనే పదాన్ని జోడించి నడిపితే ఏ దస్త్రాన్ని చదువుతున్నదో చెబుతుంది. చిన్న అక్షరం ఎమ్‌తో నడిపితే ఏయే అనుబంధాలు ఎక్కాయో చూపుతుంది.

అరవయ్యవ నంబరు దోషం

జాబితా లేని యంత్రంలో కర్ల్ ద్వారా ఏ సురక్షిత సైటును పిలిచినా 60 అనే సంఖ్యతో దోషం వస్తుంది. స్థానికంగా జారీదారు ధ్రువపత్రం లభించలేదన్నది దాని భావం. పైన చెప్పిన సీఏఇన్ఫో అమరిక దీనికి సరైన విరుగుడు. కానీ ఏళ్ల తరబడి ఇంటర్నెట్‌లో ఎక్కువగా ప్రచారమైన విరుగుడు వేరు. వెరిఫై పీర్ అనే ఎంపికకు అసత్యమనే విలువ ఇచ్చి తనిఖీనే ఆపివేయమంటుంది అది. ఒక్క పంక్తితో దోషం మాయమవుతుంది, స్క్రిప్టు నడుస్తుంది. గూఢలిపి కూడా ఉంటుంది గనుక పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అయితే ఆ క్షణం నుంచి అవతల ఎవరు ఏ ధ్రువపత్రం చూపినా స్క్రిప్టు తలూపుతుంది.

దీని పర్యవసానం ఊహించడం కష్టం కాదు. పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ సమాధానాన్ని తారుమారు చేయగలిగినవాడు, లేదా దారిలోని రూటర్‌ను చేజిక్కించుకున్నవాడు తానే చెల్లింపుల సంస్థనని నటించగలడు. సొమ్ము జమ అయిందా అని దుకాణం అడుగుతుంది, అయిందని వాడు జవాబిస్తాడు, సరుకు బయలుదేరుతుంది. ఆ ప్రశ్నతో పాటు దుకాణం పంపిన రహస్య సంకేతపదం కూడా వాడికి దక్కుతుంది. లాగ్ పుస్తకంలో ఒక్క దోషమూ నమోదు కాదు.

ఇది కేవలం కొత్తగా నేర్చుకునేవారు చేసే పొరపాటు కాదు. టెక్సాస్ విశ్వవిద్యాలయం, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలకు చెందిన పరిశోధకులు 2012లో బ్రౌజర్లు కాని సాఫ్ట్‌వేర్ ధ్రువపత్రాలను ఎలా పరిశీలిస్తున్నదో అధ్యయనం చేశారు. అమెజాన్, పేపాల్ తమ వ్యాపారులకు అందించిన సాఫ్ట్‌వేర్‌లోను, పీహెచ్‌పీలో రాసిన జెన్‌కార్ట్, ప్రెస్టాషాప్ వంటి దుకాణ వ్యవస్థలలోను తనిఖీ లోపభూయిష్టంగా ఉన్నట్లు కనుగొన్నారు. వాటిలో ఒక లోపం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కర్ల్‌లో పేరును సరిచూసే వెరిఫై హోస్ట్ అనే ఎంపికకు సరైన విలువ 2. కార్యక్రమకర్తలు తనిఖీ జరగాలనే సదుద్దేశంతోనే దానికి సత్యం అని రాశారు. పీహెచ్‌పీలో సత్యం అంటే 1 అవుతుంది. అప్పట్లో 1 అంటే పత్రంలో ఏదో ఒక పేరు ఉంటే చాలునని అర్థం. అది ఎవరి పేరన్నది చూడదు. భద్రత కోరి రాసిన పంక్తే భద్రతను తీసివేసింది. ఈ అధ్యయనం వెలువడిన కొద్ది రోజులకే, 2012 నవంబరులో, కర్ల్ ఆ 1 అనే విలువను అంగీకరించడం మానివేసింది. రచయితలను నిందించడం కన్నా ఉపకరణాన్ని సరిదిద్దడమే మేలని ఈ రంగం గ్రహించిన సందర్భాలలో ఇది ఒకటి.

అదే బాటలో 2013 అక్టోబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 3.7 తన సొంత ధ్రువపత్రాల జాబితాను వెంట తెచ్చుకుంది. 2014 ఆగస్టులో విడుదలైన పీహెచ్‌పీ 5.6 తన సొంత ప్రమేయాలకు సైతం తనిఖీని సహజ స్థితిగా చేసింది. అంతకు ముందు అడిగితే తప్ప అవి పరిశీలించేవి కావు. పైథాన్ 2.7.9 అదే ఏడాది డిసెంబరులో ఆ పని చేసింది. కనుక నేడు కొత్త స్క్రిప్టు రాసేవారు తనిఖీ కోసం అదనంగా ఏమీ రాయనక్కరలేదు. ఉన్నదానిని చెడగొట్టకుంటే చాలు. పాత స్క్రిప్టులను వారసత్వంగా పొందినవారు మాత్రం వాటిలో వెరిఫై పీర్, వెరిఫై హోస్ట్ అనే మాటల కోసం వెదకాలి. అసత్యం, సున్నా అనే విలువలు కనిపిస్తే ఆ పంక్తులను తొలగించి, అప్పుడు వచ్చే దోషానికి అసలు కారణాన్ని కనుక్కోవాలి.

జాబితా ఉన్నా దోషం వస్తే

అసలు కారణాలు సాధారణంగా నాలుగైదుకు మించవు. అతి చిన్నది కంప్యూటర్ గడియారం. పాత యంత్రాలలో మదర్‌బోర్డుపై ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు ప్రతి ధ్రువపత్రమూ ఇంకా చెల్లుబాటు మొదలు కానిదిగా కనిపిస్తుంది.

బ్రౌజర్‌లో తెరుచుకునే సైటు స్క్రిప్టుకు తెరుచుకోకపోవడం మరొక సాధారణ ఫిర్యాదు. అవతలి సర్వర్ తన పత్రాన్ని మాత్రమే పంపి, గొలుసులోని మధ్యస్థ పత్రాన్ని పంపకపోవడమే తరచు దీనికి హేతువు. ఆ లోటును బ్రౌజర్లు తమంతట తాము భర్తీ చేసుకోగలవు. కర్ల్, ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ సాధారణంగా ఆ పని చేయవు. దీనిని సరిదిద్దవలసినది అవతలి సర్వర్ నిర్వాహకులు. పూర్తి గొలుసును పంపమని వారిని కోరాలి.

కళాశాలలు, కార్యాలయాలలో భద్రతా పరికరాలు సంభాషణను మధ్యలో విప్పి చూసి, తమ సొంత ధ్రువపత్రంతో తిరిగి కడతాయి. అక్కడ స్క్రిప్టు ఫిర్యాదు చేస్తున్నదంటే అది తన విధి నిర్వహిస్తున్నదని అర్థం. ఆ సంస్థ మూల ధ్రువపత్రాన్ని నిర్వాహకుల నుంచి తీసుకొని జాబితా దస్త్రానికి చేర్చడం సరైన మార్గం. ఇంట్లో ప్రయోగాలకు స్వయంగా సంతకం చేసుకున్న పత్రాలను వాడేవారికీ ఇదే వర్తిస్తుంది.

పాతబడిన సాఫ్ట్‌వేర్ తెచ్చే చిక్కు వీటన్నింటిలో మొండిది. 2021 సెప్టెంబరు 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే మూల ధ్రువపత్రానికి గడువు తీరింది. ఉచితంగా ధ్రువపత్రాలు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ పత్రాల గొలుసు అంతకు ముందు దానిపై ఆధారపడేది. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌కు సొంత మూలం అప్పటికే ఏర్పడి, చాలా యంత్రాల జాబితాలలో చేరిపోయింది. అయినా ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 గొలుసును కట్టే తీరు వల్ల, కొత్త మూలం చేతిలో ఉన్నా గడువు తీరిన దారినే పట్టుకొని విఫలమైంది. ఆ రోజున సర్వర్లలో వేల స్క్రిప్టులు నడుపుతున్నవారికి తనిఖీని ఆపివేయాలనే ప్రలోభం కలగడం సహజం. గడువు తీరిన మూలాన్ని జాబితా నుంచి తొలగించడం అప్పటి సరైన తాత్కాలిక పరిష్కారం. సాఫ్ట్‌వేర్‌ను మార్చడం శాశ్వత పరిష్కారం. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2కు ఉచిత మద్దతు 2019 చివరితోనే ముగిసింది. పీహెచ్‌పీ 5.6కు 2018 డిసెంబరు 31తో, 7.4కు 2022 నవంబరుతో భద్రతా సవరణలు నిలిచిపోయాయి. వాటిని నేటికీ వాడుతున్న సైట్లు లేకపోలేదు.

సంభాషణ ప్రమాణాలకూ కాలం చెల్లుతుంది. 1999 నాటి టీఎల్‌ఎస్ 1.0ను, దాని తరువాతి 1.1ను వాడరాదని 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాల సంఘం అధికారికంగా ప్రకటించింది. 2008 నాటి 1.2 కనీస ప్రమాణం. 2018లో వచ్చిన 1.3 మేలైనది. స్క్రిప్టులో ఫలానా వెర్షన్ మాత్రమే వాడమని బిగించి రాయకపోవడం మంచిది. కనీస ప్రమాణాన్ని నిర్దేశించి, పై దానిని ఎంచుకునే స్వేచ్ఛను ఉపకరణానికి వదిలితే రేపటి మార్పులకు స్క్రిప్టు అడ్డుపడదు.

విఫలం కావడమే విజయం

ఏర్పాటు పూర్తయిందని తేల్చుకోవడానికి మంచి సైటు తెరుచుకుంటే సరిపోదు. తనిఖీ ఆపివేసిన స్క్రిప్టుకూ మంచి సైటు తెరుచుకుంటుంది. చెడ్డ సైటు తెరుచుకోకూడదు, అదీ పరీక్ష. ఇందుకోసమే బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ అనే సైటు ఉంది. దాని ఉప చిరునామాలలో ఒకటి గడువు తీరిన పత్రాన్ని, ఒకటి వేరొకరి పేరున్న పత్రాన్ని, మరొకటి స్వయంగా సంతకం చేసుకున్న పత్రాన్ని కావాలనే చూపుతాయి. మీ స్క్రిప్టు ఈ మూడింటినీ పిలిచి మూడింటిలోనూ విఫలమైతేనే ఏర్పాటు సరిగా ఉన్నట్లు. వెబ్ సర్వర్ ద్వారా ఒకసారి, ఆదేశ పంక్తి ద్వారా మరొకసారి ఈ పరీక్ష చేయాలి. విఫలమైనప్పుడు స్క్రిప్టు ఏమి చేస్తున్నదో కూడా చూడాలి. జవాబు రాని సందర్భాన్ని సొమ్ము జమ అయినట్లుగా భావించే దుకాణాలకు ఏ ధ్రువపత్రమూ రక్షణ కాదు.

ఇంతవరకు చెప్పినది స్క్రిప్టు బయటకు పంపే పిలుపుల గురించి. సందర్శకుల నుంచి వచ్చే పిలుపులకు వెబ్ సర్వర్‌లో ధ్రువపత్రం అమర్చుకోవాలి. పీహెచ్‌పీలో సెషన్ కుకీలు సురక్షిత మార్గంలోనే ప్రయాణించేలా కుకీ సెక్యూర్ అనే అమరికను తెరవాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ పత్రాలను వాటంతట అవే నవీకరించే సాధనాలు ఉచితంగా దొరుకుతున్నాయి. చేత్తో నవీకరించే అలవాటు ఉన్నవారు ఇక వాటికి మారక తప్పదు. 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులుగా ఉన్న ధ్రువపత్రాల గరిష్ఠ గడువును క్రమంగా తగ్గించాలని ధ్రువీకరణ సంస్థలు, బ్రౌజర్ తయారీదారుల వేదిక 2025 ఏప్రిల్‌లో తీర్మానించింది. దాని ప్రకారం 2026 మార్చి 15 నుంచి గరిష్ఠ గడువు 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు.